‘అవే మందులు వాడండి’ అనే డాక్టరుకి ఏం చెప్పాలి?

(మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ గుంటూరులో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ మాట్లాడిన ప్రసంగ పాఠం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. బాబూ, మైకు కాస్త కిందకి దించు. ఆఁ, చాలు.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో, ఏం టాపిక్ పెట్టమంటారు మేడమ్ అనడిగారు. మీకేం కావాలో మీరే చెప్పండన్నాను. వాళ్ళు చెప్పింది ఇదీ: ‘మా డాక్టరుగారు ఏం చెప్పినా కొట్టిపారేస్తారు. ఈ మధ్య ఏవేవో కొత్తగా అవుతున్నాయి, భయంగా ఉంది. ఆయనకి చెప్పాలా, ఊరుకోవాలా?’ వార్డులో ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడిగేవారు కాదు. రౌండ్సు అయిపోయి, డాక్టర్లందరూ వెళ్ళిపోయాక, నేను మందుల ట్రే పట్టుకుని వస్తుంటే, ‘సిస్టర్, ఒక్క మాట’ అని మొదలుపెట్టేవాళ్ళు. ఇందాక సార్ అడిగినప్పుడు చెప్పకపోయావా అంటే, ‘ఆయన వినరు సిస్టర్’. అదే మాట, ఎన్నిసార్లు విన్నానో.

ముందు ఓపీ గది సంగతి చూద్దాం. చీటీ రాయించుకుంటారు, బీపీ చూపించుకుంటారు, బెంచీ మీద కూర్చుంటారు. పేరు పిలుస్తారు. లోపలికెళ్ళేసరికి టేబుల్‌కి అటు డాక్టరుగారు, పక్కన ఇద్దరు పీజీలు, అంటే ఇంకా పై చదువు చదువుతున్న డాక్టర్లు, మీ వెనకాల తలుపు దగ్గర మీ తర్వాత పేషెంటు అప్పుడే వచ్చి నిలబడి ఉంటాడు. ‘ఎలా ఉంది?’ ‘పర్లేదు సార్.’ ‘నిద్ర పడుతోందా?’ మీరు నోరు తెరిచేలోపు మీ అమ్మగారు అందుకుంటారు, ‘పడుతోంది సార్, అన్నం కూడా బాగానే తింటున్నాడు’. ‘సరే, అవే మందులు వాడండి. నెల తర్వాత రండి.’ అంతే. బయటికొచ్చి చెప్పులేసుకుంటున్నప్పుడు గుర్తొస్తుంది అసలు చెప్పాలనుకున్నది. (నవ్వులు)

నవ్వారంటే మీకూ అయిందన్నమాటే. ప్రైవేటులో అయితే ఏసీ ఉంటుంది, ఫీజు ఉంటుంది, మిగతాదంతా ఇంచుమించు ఇంతే.

డాక్టర్ల తరఫున కూడా ఒక ముక్క చెప్పాలి కదా. మన దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరండీ, లెక్క ప్రకారం 0.75. నేను చూసిన డాక్టర్లలో మధ్యాహ్నం రెండున్నరకి కూడా టిఫిన్ బాక్సు మూత తీయనివాళ్ళున్నారు. అందుకని తొందరలో ఉన్న డాక్టరునీ, చులకన చేసే డాక్టరునీ ఒకే గాట కట్టకండి. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. తొందరలో ఉన్నాయన చెవిన గట్టి మాట పడితే పెన్ను ఆపి తలెత్తుతాడు. రెండో ఆయనకి మీరు చెప్పకముందే జవాబు రెడీగా ఉంటుంది. ‘అదంతా నీ జబ్బే’, ‘ఎక్కువ ఆలోచిస్తున్నావ్’, ‘గూగుల్లో చదివొచ్చావా?’ ఆడపిల్లయితే, ‘ఒక సంబంధం చూసి చేసెయ్యండమ్మా, అన్నీ సర్దుకుంటాయి’. ఈ చివరిది నా చెవులతో విన్నాను, బాగా చదువుకున్న డాక్టరు నోట.

చాలామంది ఏం చేస్తారంటే, ముందు ఒక చిన్న సంగతి చెప్పి చూస్తారు. నోరు ఎండిపోతోంది సార్ అంటారు. ఆయన ‘నీళ్ళు తాగు’ అంటాడు. ఓహో, దీనికే ఇలా అంటే ఇక చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని చెబితే ఏమంటాడో అని పెద్దది మింగేస్తారు. ఇది సరైన పరీక్ష కాదండీ. నోరు ఎండిపోవడం ఆయన రోజుకి యాభైసార్లు వింటాడు, విసుగు ఉంటుంది. మాటలు వినిపిస్తున్నాయి అంటే అదే మనిషి కుర్చీ ముందుకి జరుపుకుంటాడు. పరీక్ష పెట్టాలనుకుంటే పెద్దదానితోనే పెట్టండి.

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అని ఇద్దరు ఒక పని చేశారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు ఎంతసేపటికి అడ్డుపడుతున్నాడో టేపుల్లో విని లెక్కేశారు. సగటున 18 సెకన్లు. వాళ్ళు మామూలు జనరల్ డాక్టర్లు, సైకియాట్రిస్టులు కారు, దేశం కూడా మనది కాదు. అయినా నాకు ఆ లెక్క పనికొచ్చింది. మనవాళ్ళు ఎక్కడ మొదలుపెడతారు? ‘పోయిన సంక్రాంతికి మా మేనత్తగారి ఊరెళ్ళామండీ, అక్కడ నీళ్ళు పడలేదు’ దగ్గర. 18 సెకన్లూ సంక్రాంతికే సరిపోతాయి. మీకు ఏది భయం పుట్టిస్తోందో అది మొదటి వాక్యం కావాలి. మేనత్తగారు తర్వాత.

ఇప్పుడు చెప్పాలా వద్దా అన్నదానికి వస్తాను. ఏ లక్షణమో తెలియకుండా దీనికి జవాబు లేదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళుంటాయి. రిస్పెరిడోన్ వాడుతున్నాడు, లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివాటికి ఇచ్చే మందు. వాళ్ళమ్మ ఓపీలో చెప్పింది, ‘కుదురు లేదు సార్, రాత్రంతా వరండాలో తిరుగుతున్నాడు, కసురుకుంటున్నాడు’. ఆ మాట డాక్టరు చెవికి ఎలా వినబడింది? జబ్బు తిరగబెడుతోంది అని. డోసు పెంచారు. పదిరోజుల్లో ఇంకా పెరిగింది. వార్డుకి తెచ్చారు. నేను బీపీ చూద్దామని కూర్చోబెడితే, పట్టీ చుట్టేలోపు రెండుసార్లు లేచాడు. కూర్చున్నప్పుడు కూడా పాదాలు ఆగడం లేదు, ఒకటి మార్చి ఒకటి, కవాతు చేస్తున్నట్టు. ‘ఏం నాయనా, భయంగా ఉందా? ఎవరైనా ఏమైనా అంటున్నారా?’ అన్నాను. ‘లేదు సిస్టర్, తల బాగానే ఉంది. కాళ్ళలోపల ఏదో లాగుతోంది. కూర్చుంటే నిలబడాలి, నిలబడితే నడవాలి. ఆ తెల్ల బిళ్ళ పెంచిన దగ్గర్నుంచి.’ ఎవరికైనా చెప్పావా అంటే, ‘చెప్తే నటిస్తున్నావంటారు’ అన్నాడు.

దీన్ని అకథిసియా అంటారు. ఈ రకం మందులతో వచ్చేదే, కొత్తేమీ కాదు. కానీ పైనుంచి చూస్తే అచ్చం జబ్బు ముదిరినట్టే ఉంటుంది. జబ్బనుకుని డోసు పెంచితే ఇది పెరుగుతుంది. ఇది పెరిగితే మళ్ళీ జబ్బే అనుకుంటారు. ఈ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనిపించినవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. మందు తగ్గించడమో, మార్చడమో, ప్రొప్రనలాల్ లాంటిది జత చేయడమో చేస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రొప్రనలాల్ పడదు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. ఆ కుర్రాడికి మందు మార్చారు, కొన్నాళ్ళకి నెమ్మదించాడు.

ఇక్కడ డాక్టరు తప్పుందా? ఉంది. కుర్రాణ్ణి ఒక్క నిమిషం కూర్చోబెట్టి కాళ్ళ వంక చూడాల్సింది. కానీ ఆయన దాకా వెళ్ళిన మాట ‘కుదురు లేదు’. ఆయన దాకా వెళ్ళాల్సిన మాట ‘ఫలానా బిళ్ళ పెంచినప్పట్నుంచి కాళ్ళలోపల లాగుతోంది, మనసు మాత్రం బాగానే ఉంది’. రెంటికీ రాసే మందు వేరే. మీరు చెప్పకపోతే ఆయన ఊరుకోడండీ, ఉన్నదాంట్లోంచి ఏదో ఒకటి ఊహించుకుంటాడు. ఆ ఊహకే చీటీ రాస్తాడు. నా భయమంతా అదీ.

లిథియం, అదే, బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు, వాడేవాళ్ళు చేతులెత్తండి... బాగానే ఉన్నారు. మీకు ఎండాకాలం సంగతి చెప్పాలి. మన గుంటూరు ఎండలు తెలిసినవే. చెమట పట్టేసి, నీళ్ళు చాలక, లేదా వాంతులు విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిందనుకోండి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. మోకాళ్ళ నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్నా పెరుగుతుంది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషమే. చేతులు పెద్దగా వణకడం, తూలడం, మాట ముద్దముద్దగా రావడం, వాంతులు. ఇవి కనబడితే ‘డాక్టరుగారు ఏమనుకుంటారో’ అన్న ప్రశ్నే లేదు. ఆయన ‘గ్యాసు’ అన్నాసరే, దగ్గర్లో ఉన్న ఏ క్యాజువాలిటీకైనా వెళ్ళి, నేను లిథియం వాడుతున్నాను, లెవెల్ చూడండి అనాలి. తర్వాతి డోసు వేసుకోకుండా వెళ్ళండి. మామూలు రోజుల్లో చేయించుకునే పరీక్షకైతే రాత్రి బిళ్ళ వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దున్న బిళ్ళ వేసుకుని పరిగెత్తితే లెక్క తప్పొస్తుంది.

అలాగే క్లోజపిన్ వాడుతూ జ్వరం, గొంతునొప్పి వస్తే ఆరోజే రక్తపరీక్ష. లామోట్రిజిన్ మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆరోజే డాక్టరు. ఇందాక చెప్పిన రిస్పెరిడోన్ లాంటి మందులు వాడుతూ ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి జ్వరం వస్తే అంబులెన్సు. ఇవి వినేవాళ్ళెవరో చూసుకుని చెప్పే సంగతులు కావు. ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పేవి.

కష్టమైనవి ఇవి కాదు, నాకు తెలుసు. చెప్పుకోడానికి సిగ్గూ భయమూ వేసేవి కష్టం.

బాలింత ఒకమ్మాయి. రెండు నెలల పాప. కూరలు తరుగుతుంటే ఈ కత్తితో పాపనేమైనా చేస్తానేమో అని ఆలోచన వస్తుంది. కత్తి పక్కన పడేస్తుంది. మర్నాటి నుంచి వంటింట్లోకే వెళ్ళదు. పాపని అత్తగారికి ఇచ్చేసి తను దూరంగా కూర్చుంటుంది. ఇంట్లో అందరూ ఏమంటారు, ‘తల్లికి పిల్ల మీద ప్రేమ లేదు’. అంతకుముందు డాక్టరుతో ‘భయంగా ఉంటోంది సార్’ అని మాత్రం అంది. ఆయన ‘కాన్పు తర్వాత మామూలేనమ్మా, గుడికెళ్తూ ఉండు’ అన్నాడు. ఇంకేం చెబుతుంది? చెబితే పిచ్చిదంటారు, పాపని లాక్కుంటారు, పుట్టింటికి పంపేస్తారు.

అమ్మా, ఇలాంటి ఆలోచనలు జబ్బు లేనివాళ్ళకి కూడా వస్తాయి. 1978లో రాక్‌మన్, డిసిల్వా అని ఇద్దరు లండన్లో మామూలు జనాన్ని అడిగి చూస్తే, ఎక్కువమంది మాకూ వస్తాయనే చెప్పారు. మేడ మీంచి తోసేస్తానేమో, నోటికొచ్చిన బూతు అనేస్తానేమో, ఇలాంటివి. మామూలువాళ్ళకి వచ్చి పోతాయి. ఓసీడీ, అంటే వద్దన్నా అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళకి పట్టుకుంటాయి. ఆ అమ్మాయి కత్తి పడేసిందే, దాన్ని బట్టే తెలుస్తోంది, ఆమెకి పాప మీద ఎంత ప్రాణమో. దీనికి మంచి వైద్యం ఉంది. కానీ ఇదొక్కటి విడదీసి చెప్పాలి: ఆలోచన రాగానే హడలిపోయి దూరం జరిగితే ఒక రకం. అలా కాకుండా, నిద్ర అసలు లేకుండా, మాట పొంతన లేకుండా, ‘పాపలో ఏదో దూరింది, చంపెయ్యమంటున్నారు’ అని, అదే సబబు అని అనిపిస్తుంటే, అది ఇంకో రకం. అది ఆరోజే ఆసుపత్రి, పాపని ఇంకొకరు చూసుకోవాలి. ‘భయంగా ఉంటోంది’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. అందుకే డాక్టరుకి ఇలా చెప్పమంటాను: ‘సార్, నాకు పాపని ఏదో చేస్తానేమో అనే ఆలోచన వస్తోంది. నాకు చెయ్యాలని లేదు. వచ్చినప్పుడల్లా వణికిపోతున్నాను.’ నోటితో రాకపోతే కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టండి.

చెప్పగానే పట్టుకెళ్ళి పడేస్తారన్న భయం ఉందే, దాని గురించి చట్టం ఏమంటుందో వినండి. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మీకిష్టం లేకుండా చేర్చుకోవాలంటే 89వ సెక్షను. అందులో, ఈ మధ్య తనకి తాను హాని చేసుకోబోవడమో బెదిరించడమో, ఎదుటివాళ్ళ మీద పడటమో, తన్ను తాను చూసుకోలేని స్థితో ఉండాలి. ఒక సైకియాట్రిస్టూ, ఇంకొక నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. అలా చేర్చుకున్నా ఆ సెక్షను కింద 30 రోజుల వరకే. చెవిలో మాటలు వినిపిస్తున్నాయని చెప్పినంత మాత్రాన వ్యాన్ రాదు. మీరు చెప్పింది రహస్యంగా ఉంచాలని 23వ సెక్షను. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, మీ వైద్యం చూసే మిగతావాళ్ళకి, మీరు నియమించుకున్న ప్రతినిధికి చెప్పచ్చు, అది మినహాయింపు. 25 ప్రకారం మీ రికార్డులు మీరు అడిగి తీసుకోవచ్చు. 115 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు. చట్టం కాగితం మీదున్నట్టు ప్రతి ఆసుపత్రిలోనూ నడుస్తుందని నేను చెప్పను, నేను అక్కడే పనిచేశాను కదా. (నవ్వులు) కానీ సెక్షను నంబరు తెలిసిన మనిషితో మాట్లాడే పద్ధతే వేరుగా ఉంటుంది.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం, ఆ డాక్టరు మంచివాడా కాదా అని తూకం వెయ్యకండి. ఆయనకి చెప్పండి, ఆయన తోసిపుచ్చితే ఇంట్లో చెప్పండి, ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకైనా వెళ్ళండి. టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఫోన్లో ఇప్పుడే దాచుకోండి, నేను ఆగుతాను.

(కాసేపు విరామం)

ఇంక ఎలా చెప్పాలి. మన ఇళ్ళలో గోడకి తెలుగు క్యాలెండరు ఉంటుంది. పాలవాడి లెక్క దాని మీదే, గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో దాని మీదే. అదే గడిలో ఒక గుర్తు పెట్టండి. నిద్ర పట్టనిరోజు ఒక చుక్క, మాటలు వినబడినరోజు ఒక ఇంటూ, బిళ్ళ మార్చిన రోజు ఒక గీత. మీ గుర్తులు మీ ఇష్టం. నెలాఖరుకి ఆ కాగితం చింపి పట్టుకెళ్ళండి. గీత తర్వాతే ఇంటూలు మొదలయ్యాయని మీరు వాదించక్కర్లేదు, కనబడుతుంది. ఒకాయన ఇలాగే క్యాలెండరు కాగితం తెచ్చాడు. డాక్టరుగారు ముందు పాల లెక్క చూసి, రోజూ లీటరున్నరా అన్నారు. (నవ్వులు) కానీ తర్వాత గీత దగ్గర వేలు పెట్టి ఆగారు. అంతకుముందు మూడు నెలలు ఆయనకి ఎవరేం చెప్పినా ‘అవే మందులు’.

రెండోది, ఇంట్లోవాళ్ళు ఉన్నప్పుడు చెప్పలేనివి ఉంటాయి. ‘సార్, రెండు నిమిషాలు నేనొక్కణ్ణే మాట్లాడాలి’ అనడానికి మీకు హక్కుంది. అమ్మలూ నాన్నలూ, ఆ మాట వింటే మొహం మాడ్చుకోకుండా బయటికెళ్ళండి. మూడోది, డాక్టరు కొట్టిపారేస్తే గొడవ పెట్టుకోకండి. ‘సరే సార్. నేను చెప్పినట్టు చీటీలో ఒక్క ముక్క రాస్తారా?’ అనండి. మర్యాదగా. ఇది మీరనుకున్నదానికంటే బాగా పనిచేస్తుంది. రాయాలంటే ఆలోచించాలి కదా.

చెయ్యకూడనిది ఒకటి. డాక్టరు మీద కోపంతో బిళ్ళలు ఆపేసి, చూద్దాం ఏమవుతుందో అనడం. ఆందోళనకి, నిద్రకి ఇచ్చే క్లోనజెపామ్ లాంటిది చాలాకాలం వాడి ఒక్కసారి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. మిగతావాటికి కూడా, ఆపినందువల్ల వచ్చిన బాధేదో, జబ్బు బాధేదో ఎవరికీ తేలదు. డాక్టరుకి ‘నేను ముందే చెప్పాను’ అనే అవకాశం మీరే ఇచ్చినట్టు.

ఇన్ని చేశాక కూడా వినని డాక్టరు ఉంటాడు. ఉంటాడండీ. మీ ఒంటి సంగతి మీరు సూటిగా చెప్పినా, కాగితం పెట్టినా, నవ్వే మనిషి. ఆయనకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. కానీ ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చోకండి. పాత చీటీలన్నీ, రక్తపరీక్షలూ, క్యాలెండరు కాగితం ఒక సంచీలో వేసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేదాకా ఉన్న మందులు నడవనివ్వండి.

నేను చెప్పేది అయిపోయింది. ఏమైనా అడుగుతారా?

(ఒకాయన: డాక్టర్ని మారిస్తే పాతాయనకి కోపం వస్తుంది కదండీ. మాకు ఊళ్ళో ఉన్నది ఆయనొక్కడే. అవసరమైతే మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి.)

అవును, ఒక్క డాక్టరే ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. అయితే మార్చామని చెప్పకండి. ‘విజయవాడలో చుట్టాలింటికి వెళ్ళాం, వాళ్ళు బలవంతం చేసి చూపించారు’ అనండి. (నవ్వులు) నవ్వుతారేంటి, అన్ని ఊళ్ళలోనూ ఇదే చెబుతారు. రెండో డాక్టరు రాసింది తెచ్చి ఈయనకే చూపించండి, ‘ఇది మీరు చూసి చెప్పండి సార్’ అని. ఇంకొక డాక్టరు రాసిన కాగితానికి ఇచ్చే విలువ వేరు. బాధగా ఉంటుంది అలా జరిగితే, మీ నోటి మాటకి లేని విలువ దానికెందుకని. కానీ పని అవుతుంది.

(ఒకమ్మాయి: మేడమ్, నర్సుకి చెబితే డాక్టరుకి చెప్పినట్టేనా?)

వార్డులో అయితే చాలావరకు అంతేనమ్మా. మేం నర్సెస్ నోట్సులో రాస్తాం, రౌండ్సులో చెబుతాం. ఓపీలో అలా కాదు. అక్కడ బీపీ చూసే సిస్టర్ నీ పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు, వంద మంది వస్తారు. అందుకని ఆవిడ బీపీ అంకె వేస్తున్నప్పుడే, ‘సిస్టర్, దాని కిందే రాయండి, పది రోజుల నుంచి మాటలు వినిపిస్తున్నాయని’ అను. అది నీ చీటీయే. డాక్టరు మందు రాయాలంటే ఆ చీటీ మీదే రాయాలి, బీపీ చూడకుండా కిందకి వెళ్ళరు. ఆవిడ రాయనంటే పెన్ను అడిగి నువ్వే రాసుకో.